ఇంటి పన్నుపై గ్రంథాలయ సెస్సు.. ఆసుపత్రికేదీ?

భద్రాచలం: పంచాయతీకి చెల్లించే ఇంటి పన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. వెయ్యి రూపాయల పన్నుకు అది 80 రూపాయలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఈ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆసుపత్రుల పేరిట ఇటువంటి సెస్సు లేదు. భద్రాచలం ఏరియా ఆసుపత్రి ప్రధానంగా రాష్ట్ర బడ్జెట్ నిధులపైనే ఆధారపడి ఉంది.

నిర్ణయం ఎవరిది?

అమెరికాలోని టెక్సాస్‌లో ఆసుపత్రి కోసం ఆస్తి పన్ను వేయాలంటే స్థానిక ఓటర్ల ఆమోదం కావాలి. ఆస్తి విలువలో ప్రతి 100 డాలర్లకు 75 సెంట్లకు మించరాదని అక్కడి రాజ్యాంగం పరిమితి విధించింది. దానిని సవరించాలంటే రాష్ట్రమంతటా ఓటింగు జరగాలి. మన దేశంలో భూములు, భవనాలపై పన్ను రాష్ట్ర జాబితాలోని అంశం. పంచాయతీలు ఏ పన్నులు, ఏ పరిమితిలో వేయాలో శాసనసభ చట్టం ద్వారా నిర్దేశిస్తుంది. ఏజెన్సీలో 1996 నాటి పెసా చట్టం గ్రామసభలకు ప్రణాళికలను ఆమోదించే, నిధుల వినియోగాన్ని ధ్రువీకరించే అధికారం ఇచ్చింది. కొత్త పన్ను విధించే అధికారం మాత్రం ఇవ్వలేదు.

సరిహద్దు చిక్కు

2014లో రాష్ట్ర విభజన సందర్భంగా భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోగా చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అయినా అక్కడి గిరిజనులకు అత్యవసర వేళ భద్రాచలమే దిక్కు. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాల నుంచి సైతం రోగులు, గర్భిణులు ఇక్కడికి వస్తుంటారు. వారి ఇళ్లపై పన్ను భద్రాచలం పంచాయతీకి రాదు. పన్ను పరిమితి పెంచితే నాలుగు రాష్ట్రాల రోగుల భారం ఒక్క పట్టణంలోని ఇళ్లపై పడుతుంది. అడవి పల్లెల్లోని పూరిళ్లపై పన్ను పెంచినా వచ్చే ఆదాయం స్వల్పం.

కేంద్ర నిధుల మాటేమిటి?

కేంద్రం 2018లో ఆదాయపు పన్నుపై 3 శాతం విద్యా సెస్సు స్థానంలో 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సును తెచ్చింది. రాష్ట్రాలకు పంచవలసిన పన్నుల్లో సెస్సులు చేరవు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి దేశవ్యాప్తంగా రూ.70,051 కోట్లు సిఫారసు చేసింది. అవి ప్రధానంగా ఉపకేంద్రాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వంటి ప్రాథమిక వైద్యానికి ఉద్దేశించినవి.

అందువల్ల సరిహద్దు ఆసుపత్రికి ఇంటి పన్ను పెంపు పరిష్కారం కాజాలదు. ఏ రాష్ట్రం నుంచి ఎందరు చికిత్స పొందుతున్నారో లెక్కించి, ఆ మేరకు రాష్ట్రాలు వ్యయాన్ని పంచుకుంటేనే భారం సమంగా సర్దుబాటవుతుంది.