వేయి పుటల పఠనము

పెద్ద నవల చదువుటకు వెచ్చించిన కాలము సార్థకమా అను ప్రశ్న నెల్లూరు సీమవారికి కొంత వింతగా తోచును. భారతము 18 పర్వములలో 15 పర్వములను తెనిగించిన తిక్కన సోమయాజి ఈ పినాకినీతీరమువాడే. ఆ గ్రంథమును మన పెద్దలు ఒక్క పట్టున ముగింపలేదు. పురాణ కాలక్షేపములలో దినమునకు కొన్ని పద్యముల వంతున, నెలల తరబడి వినిరి. అక్షరము రానివారును అట్లు వినియే భారతమును సొంతము చేసికొనిరి.

నవలలలో ఇందుకు తగిన ఉదాహరణము విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు'. 1934లో వ్రాయబడిన ఈ నవలయు, అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'యు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని పంచుకొన్నవి. తరువాతి కాలమున ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావుగారు దీనిని 'సహస్రఫణ్' అను పేర హిందీలోనికి అనువదించిరి. ముద్రణనుబట్టి ఇది వేయి పుటలకు అటునిటుగా నుండును.

చదువరి అలసటకు కారణములు లేకపోలేదు. కథ నడుమ విద్య, కళలు, వివాహధర్మము మున్నగు విషయములపై దీర్ఘచర్చలు వచ్చును. ప్రాచీన వ్యవస్థయందు రచయితకు గల పక్షపాతమును అంగీకరింపనివారును అనేకులు.

అయినను ఆ దైర్ఘ్యము నిష్ప్రయోజనము కాదు. సుబ్బన్నపేటలో జమీందారీ, గుడి, ఆచారములు ఒకదాని వెంట నొకటి క్షీణించుటయే కథ. సుబ్రహ్మణ్యేశ్వరుని వేయి పడగలు రాలిపోవుట అందుకు సంకేతము. ఒక ఊరు క్షీణించినదని ఒక్క వాక్యమున చెప్పిన అది వార్త యగును. ఆ ఊరి ఉత్సవములలో, పొలములలో, మనుష్యుల నడుమ చిరకాలము మసలిన పిమ్మటనే అది నష్టముగా తెలియును. సంగ్రహము కథను తెలుపగలదు గాని ఈ అనుభవమును ఈయజాలదు. రచయితతో విభేదింపదలచినవారును ఆయన వాదమును తుదివరకు వినుట న్యాయము.

ఇక శ్రమ లెక్క చూతము. దినమునకు 10 పుటలు చదివినచో 100 దినములు పట్టును. మన తీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవలకు సముద్రవేట నిషేధము. మైపాడులోనో, జువ్వలదిన్నెలోనో వలలు బాగుచేసికొనుచు సాయంకాలము 17 పుటలు చదువువానికి ఆ వ్యవధియే చాలును. ఒకరు చదువగా ఇంటిల్లిపాది వినుట మరింత మేలు.

పాత్రల పేరులను ఒక కాగితముపై వ్రాసికొనుడు. బరువైన చర్చ వచ్చినచో గురుతు పెట్టుకొని ముందునకు సాగుడు. 100 పుటలు చదివియు మనస్సు లగ్నము కానిచో పుస్తకమును మూయుట దోషము కాదు. అంతకు ముందే, లావు చూచి మాత్రము మూయవలదు.