పొద్దున ఆపరేషన్... రాత్రికి ఇంట్లో!

కబడ్డీ ఆడుతుంటే కాలు మెలిపడింది. మోకాల్లో 'కటుక్'మంది. కొన్నాళ్లకు వాపు తగ్గింది కానీ కూర్చుని లేవబోతే చాలు... కీలు మధ్యలోనే పట్టేసి కాలు చాపనివ్వదు. ఎల్లారెడ్డి వైపు పల్లెలో అలాంటి కుర్రాడొకడు ఉన్నాడనుకుందాం. కామారెడ్డి వెళ్లి చూపించుకుంటే 'లోపల గుజ్జు చిరిగింది. చిన్న ఆపరేషన్. పొద్దున రండి, సాయంత్రం వెళ్లిపోవచ్చు' అంటారు డాక్టరు. ఇంటిల్లిపాదికీ ఒకటే అనుమానం... మోకాలి ఆపరేషనంటే వారం రోజులైనా ఆసుపత్రిలో ఉండొద్దా?

ఉండక్కర్లేదు. కాకపోతే ఆసుపత్రిలో నర్సు చేయాల్సిన పని ఆ రాత్రి ఇంట్లోవాళ్లు చేయాలి. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

రంధ్రంలోంచే రిపేరు

తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య నెలవంక ఆకారంలో రెండు మెత్తటి దిళ్లు ఉంటాయి. వాటినే మెనిస్కస్ అంటారు. నడిచినా గెంతినా ఆ బరువును పంచుకునేవి అవే. పాదం నేలకు ఆని ఉండగా ఒళ్లు ఒక్కసారిగా తిరిగితే అవి చిరుగుతాయి. చిరిగిన ముక్క కీలులో ఇరుక్కుంటే మోకాలు పట్టేస్తుంది.

దాన్ని సరిచేసే పద్ధతే ఆర్థ్రోస్కోపీ. నడుము దగ్గర మత్తు సూది ఇచ్చి, మోకాలికి రెండు చిన్న రంధ్రాలు పెడతారు. ఒకదాంట్లోంచి సన్నటి కెమెరా, ఇంకోదాంట్లోంచి పనిముట్లు లోపలికి వెళతాయి. సెలైన్ నీళ్లతో కీలును ఉబ్బించి, తెరమీద చూస్తూ చిరిగిన ముక్కను కత్తిరిస్తారు, వీలైతే కుడతారు. ముక్క తీయడమే అయితే చాలాసార్లు గంటలోపే పూర్తవుతుంది.

ఈ కథ జపాన్‌లో మొదలైంది. మూత్రాశయాన్ని పరీక్షించే గొట్టంతో 1918లో ఓ మృతదేహం మోకాల్లోకి తొంగిచూశారు టోక్యో వైద్యుడు కెంజి తకాగి. ఆయన శిష్యుడు మసాకీ వతనబే 1962లో చిరిగిన మెనిస్కస్ ముక్కను ఇలా గొట్టం సాయంతోనే తొలగించారు.

కోసిన రోజే ఇంటికి పంపడం అంతకన్నా పాత ఆలోచన. గ్లాస్గో సర్జన్ జేమ్స్ నికోల్ పదేళ్లలో దాదాపు 9 వేల మంది పిల్లలకు ఆపరేషన్ చేసి, వార్డులో పెట్టకుండానే ఇళ్లకు పంపినట్టు 1909లో ప్రకటించారు. తల్లి దగ్గర పిల్లలు బాగా కోలుకుంటారన్నది ఆయన నమ్మకం.

నలభై కిలోమీటర్ల దూరం

కామారెడ్డి 2016లో జిల్లా అయింది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. అయినా ఎల్లారెడ్డి నుంచి అక్కడికి దాదాపు 40 కిలోమీటర్లు. అర్ధరాత్రి అనుమానమొస్తే ఆసుపత్రి పక్క వీధిలో ఉండదు. అందుకే బయల్దేరేముందే కొన్ని చూసుకోవాలి. కాళ్లకు స్పర్శ తిరిగొచ్చిందా, మూత్రం వచ్చిందా, తిన్నది నిలిచిందా, చేతికర్రలతో నాలుగడుగులు వేయగలుగుతున్నారా? డాక్టర్ని మరో ప్రశ్న తప్పక అడగాలి... 'కత్తిరించారా, కుట్టారా?' కత్తిరిస్తే చాలామందికి ఆ రోజే కొంచెం బరువు మోపనిస్తారు. కుడితే కొన్ని వారాలు జాగ్రత్త తప్పదు. రాత్రి ఫోన్ చేయాల్సిన నంబరు కూడా రాయించుకోవాలి.

బస్సూ వద్దు, బండి వెనకా వద్దు. కారు వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చోవాలి. లింగంపేటలో కాసేపు ఆగి, దారి పొడుగునా పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది.

'మెత్త' తీసేయవమ్మా!

ఇంటికి రాగానే తల్లి ప్రేమగా మోకాలి కింద మెత్త పెడుతుంది. 'జర ఆరాముంటది బిడ్డా' అంటుంది. సుఖంగానే ఉంటుంది కానీ, కాలు వంగి అలాగే బిగుసుకుంటుంది. మెత్త పెట్టాల్సింది మడమ కింద. కాలు గుండెకన్నా ఎత్తులో, నిటారుగా ఉండాలి. బట్టలో చుట్టిన ఐసు ముక్కలను రెండు మూడు గంటలకోసారి పావుగంటపాటు పెడితే వాపు తగ్గుతుంది.

మత్తు దిగే వేళే అసలు నొప్పి మొదలవుతుంది. అది ముదిరేదాకా ఆగకుండా డాక్టరు చెప్పిన టైముకే మాత్ర వేసుకోవాలి. ఆ రోజుల్లో కల్లూ మందూ ముట్టకూడదు. పప్పు తింటే చీము పడుతుందన్న పథ్యం అక్కర్లేదు. పప్పు, గుడ్డు తింటేనే గాయం త్వరగా మానుతుంది. నూనె పెట్టి తోమడం, పసర్లు కట్టడం మాత్రం అసలొద్దు.

తెల్లారేసరికి బాసింపట్టు వేసుకోవడం, కింద కూర్చునే మరుగుదొడ్డి కుదరవు. కమోడ్ కుర్చీ ముందే తెచ్చిపెట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. పడుకునే తొడ కండరాన్ని బిగించి అయిదు లెక్కపెట్టి వదలాలి. నీరసించిపోయే ఆ కండరమే రేపు మోకాలిని నిలబెట్టేది.

కట్టు రక్తంతో తడిసిపోతున్నా, జ్వరం వచ్చినా, వేళ్లు నల్లబడినా, గంటలు గడిచినా మూత్రం రాకపోయినా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. పిక్క వాచి నొప్పెడితే ఆ రోజే చూపించుకోవాలి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే క్షణం ఆగకుండా 108కి చేయాలి.

అవ్వకు ఇది కాదు

మనవడు లేచి నడవడం చూసి 'నాకూ చేయించు నాయనా' అంటుంది అవ్వ. ఏళ్ల తరబడి నాట్లేసి అరిగిన మోకాళ్లు ఆమెవి. వాటికి ఈ ఆపరేషన్ పనికిరాదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో అలాంటి 180 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2002లో వచ్చాయి. కొందరికి నిజంగా శుభ్రం చేశారు, కొందరికి చర్మం మీద గాట్లు పెట్టి వదిలేశారు. రెండేళ్ల తర్వాత చూస్తే అందరిదీ ఒకటే పరిస్థితి! అవ్వకు కావాల్సింది వ్యాయామం, బరువు తగ్గడం, మరీ అవసరమైతే కీలు మార్పిడి.

కుర్రాడికి మాత్రం రెండు రంధ్రాలు చాలు. వాటితోపాటు ఓ కుర్చీ, కాసిన్ని ఐసు ముక్కలు, రాత్రంతా ఓ చెవి అటే వేసి పడుకునే మనిషొకరు. అవుంటే నలభై కిలోమీటర్లు ఓ దూరమే కాదు.