గాలికి పోసే పెట్రోలు

పత్తి కాలంలో పరకాల–భూపాలపల్లి రోడ్డు మీద, రేగొండ దగ్గర ఏ బండిని చూసినా గాలికి ఎదురొడ్డి నిలబడే ఆకారమే. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి మోసే డీసీఎంలు, బొగ్గు టిప్పర్లు, నెత్తిన ఖాళీ క్యారియర్‌తో తిరిగే బొలెరోలు. మైలేజీ మాట వస్తే ఇంజను గురించి, టైర్లలో గాలి గురించి ఎంతసేపైనా మాట్లాడుకుంటాం. బండి బయటి గాలి సంగతి అరుదుగా వస్తుంది.

ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్‌కు ఆ సంగతి సైకిల్ మీద తట్టింది. ఆయన కాలిఫోర్నియా ఎడారిలోని ఎడ్వర్డ్స్‌లో, నాసా విమాన పరిశోధన కేంద్రంలో ఇంజనీరు. 1973లో సైకిల్ మీద పనికి పోతుంటే, పెద్ద లారీ పక్క నుంచి దూసుకుపోయినప్పుడల్లా గాలి ముందు ఆయన్ని రోడ్డు అంచుకు తోసేది, లారీ దాటగానే దాని వైపే గుంజేది. టిప్పర్ పక్కన బైకు నడిపిన వాళ్లకు ఈ తోపుడూ గుంజుడూ కొత్తవి కావు. విమానాల మీద గాలి బలాన్ని లెక్కగట్టే మనిషి కాబట్టి, ఆ రెండింటికీ లారీ ట్యాంకులోని ఇంధనమే ఖర్చవుతోందని ఆయన గ్రహించాడు. అదే ఏడాది అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి.

ఆయన బృందం చేసింది మన వెల్డింగ్ షాపుల్లో కూడా చేయగలిగిన పని. పాతబడిన ఒక ఫోర్డ్ డెలివరీ వ్యాన్ చుట్టూ ఫ్రేము కట్టి, అల్యూమినియం రేకులు బిగించి, అన్ని మూలలూ కోసుగా ఉన్న పెట్టెలా మార్చారు. తర్వాత ఒక్కో మార్పూ చేస్తూ పోయారు. అంచులు గుండ్రం చేశారు, అడుగు భాగం మూశారు, వెనక సన్నబడే తోక తగిలించారు. మార్చిన ప్రతిసారీ పరీక్ష ఒకటే: వేగం అందుకున్నాక న్యూట్రల్ చేసి, బండి ఎంత త్వరగా నెమ్మదిస్తుందో కొలవడం. బండి ఒంటి నిండా అతికించిన దారపు ముక్కలు గాలి ఎక్కడ సాఫీగా పోతోందో, ఎక్కడ సుడి తిరుగుతోందో చూపించేవి. అంచులు గుండ్రం చేయడంతోనే గాలి నిరోధం సగానికి పైగా తగ్గింది. సరుకు పట్టే చోటులో పోయింది చాలా స్వల్పం. నేటి పెద్ద లారీల గుండ్రటి క్యాబిన్లలో, వాటి నెత్తిమీది వంపు కవచాల్లో ఆ ప్రయోగాల జాడ ఉంది.

నిజానికి ఈ విద్య అప్పటికే పాతది. 1921లో ఎడ్మండ్ రుంప్లర్ బెర్లిన్‌లో నీటిబొట్టు ఆకారపు కారును ప్రదర్శించాడు. సుమారు వంద కార్లు తయారయ్యాయి, కొనేవాళ్లు దొరక్క చాలావరకు టాక్సీలుగా తిరిగాయి. కొన్నిటిని 1927 నాటి ‘మెట్రోపొలిస్’ సినిమా కోసం తగలబెట్టారు. మిగిలిన ఒకదాన్ని 1979లో ఫోక్స్‌వ్యాగన్ గాలి సొరంగంలో పెట్టి కొలిస్తే గాలి నిరోధ గుణకం (తక్కువైతే మేలు) 0.28 వచ్చింది. ఈనాటి ఎన్నో కార్లకు 0.3 చుట్టూ ఉంటుంది. అంత మంచి ఆలోచన అన్నేళ్లు మూలన పడిందంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ముందు భాగం సూదిలా ఉంటే చాలనుకుంటాం కానీ, అసలు నష్టం వెనక జరుగుతుంది. చీలిన గాలి మెల్లగా కలుసుకోలేకపోతే బండి వెనక సుడులు లేచి పీడనం పడిపోతుంది. గుంజుడు అక్కడిదే. పొడవాటి తోక దాన్ని తగ్గిస్తుంది, కానీ రోడ్డు మీద అంత తోకతో తిరగలేం. 1930ల్లో స్టట్‌గార్ట్‌లో వూనిబాల్డ్ కామ్ దీనికి దారి చూపాడు: తోకను కొంత సన్నబరిచి, ఒక్కసారిగా తెగ్గోసినా లాభంలో ఎక్కువ భాగం దక్కుతుంది. ప్రియస్ కారు వెనక భాగంలో కనిపించేది ఆ కోతే.

మన లెక్కకు వద్దాం. మనుషులతో కలిపి 1100 కిలోల చిన్న కారుకు గంటకు 65 కిలోమీటర్ల దగ్గర టైర్ల రాపిడి, గాలి నిరోధం దాదాపు సమానం. ఆపైన గాలిదే పెత్తనం, ఎందుకంటే వేగం రెట్టింపైతే దాని బలం నాలుగింతలు. రేగొండ నుంచి హన్మకొండకు పోయిరావడం సుమారు వంద కిలోమీటర్లు. ఆ దూరం 80 వేగంతో నడిస్తే గాలి కోసమే రెండున్నర లీటర్ల దాకా, 100 వేగంతో నడిస్తే నాలుగు లీటర్లకు కొంచెం తక్కువ పోతుందని నా అంచనా. గాలి నిరోధంలో పదో వంతు తగ్గించినా 80 దగ్గర పావు లీటరు మిగులుతుంది. ఊళ్లో 30, 40 వేగంతో తిరిగే బండికి ఇవేవీ పెద్దగా అక్కరకు రావు.

కాబట్టి నన్నడిగితే, తగిలించడం కన్నా ముందు తీసేయడం మంచిది. నెత్తిన పెద్ద పెట్టె ఉంటే హైవే మీద మైలేజీ 6 నుంచి 17 శాతం పడిపోతుందని అమెరికా ప్రభుత్వ అంచనా. ఖాళీ క్యారియర్ నష్టం అంతకన్నా తక్కువే, కానీ అది ఏడాది పొడుగునా ఉంటుంది. ముందు బిగించే ఇనుప గార్డును భద్రత కోసం తీయించాలని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. గాలికీ అది అడ్డమే. స్పీడ్ బ్రేకర్‌కు తగిలి ఊడిన ఇంజను కింది ప్లాస్టిక్ కవర్‌ను పారేయకుండా మళ్లీ బిగించుకోవాలి. డీసీఎం మీది టార్పాలిన్ పటపటా కొట్టుకుంటుంటే తాడు ఇంకొంచెం బిగించాలి. చక్రాలకు చదునైన కవర్లు పనికొస్తాయి, బ్రేకులు వేడెక్కకుండా చూసుకుంటేనే. గ్రిల్ మూయడం మాత్రం మన ఎండలకు వద్దు; రేడియేటర్‌కూ ఏసీకీ ఆ గాలి కావాలి. తోకలు, రెక్కల జోలికి పోయే ముందు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గుర్తుండాలి, బండి రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి అది ఒప్పుకోదు.

ఏది పనికొచ్చిందో తేలాలంటే మార్పు ఒక్కోసారి ఒకటే చేయాలి. ట్యాంకు ఫుల్ చేయించి, అదే దారిలో, అదే బరువుతో, అదే వేగంతో తిరిగొచ్చి, అదే బంకులో మళ్లీ ఫుల్ చేయించి ఎంత పట్టిందో రాసుకోవాలి. ఎదురుగాలి ఉన్న రోజు లెక్కను పక్కన పెట్టేయాలి.