ఏడాది కాచిన దీవులు

దేశమంతా ఇళ్లకు తాళాలేసుకున్న 2020లో ఆ దీవుల్లోకి మాత్రం కరోనా అడుగుపెట్టలేదు. పెళ్లిళ్లు జరిగాయి. సెప్టెంబరులో బడులూ తెరిచారు.

అదే లక్షద్వీప్! కేరళ తీరానికి 220 నుంచి 440 కిలోమీటర్ల దూరం. మొత్తం 36 దీవులున్నా జనం ఉండేది పదింటిలోనే. 2011 లెక్కల ప్రకారం జనాభా 64 వేల పైచిలుకు.

వాళ్లను కాపాడింది సముద్రమొక్కటే కాదు, కొచ్చి రేవులో పెట్టిన కట్టడి కూడా. ఓడ ఎక్కాలంటే ముందు అక్కడ వారం రోజులు క్వారంటైన్‌లో ఉండాలి. పరీక్షలో నెగటివ్ రావాలి. దీవిలో దిగాక కూడా కొన్నాళ్లు విడిగా ఉండాల్సిందే.

2020 డిసెంబరులో ఆ నిబంధన సడలించారు. నెగటివ్ రిపోర్టు ఉంటే చాలన్నారు. ఆర్థిక వ్యవస్థ కోలుకోవడానికే ఈ మార్పు అన్నది అధికారుల మాట. దీవుల వాళ్లు వద్దంటూ నిరసన తెలిపారు. వాళ్ల భయం వాళ్లది... ఇళ్లన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఉమ్మడి కుటుంబాలు ఎక్కువ. జబ్బు ముదిరితే హెలికాప్టర్‌లో కొచ్చికి తరలించాలి. వానాకాలంలో గాలివాన ముదిరితే ఆ దారీ మూసుకుపోతుంది.

2021 జనవరి 18న రాజధాని కవరత్తిలో తొలి కేసు బయటపడింది. కొచ్చి నుంచి ఓడలో వచ్చిన ఓ జవానుకు పాజిటివ్. మే నెలకల్లా కేసులు వేలల్లోకి చేరాయి. చివరికి పదకొండు వేలు దాటాయి. యాభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఏడాదిపాటు గడప దాటి రాని మహమ్మారికి గొళ్లెం తీయడానికి ఒక్క ఉత్తర్వు సరిపోయింది.