వాట్సాప్‌లో ఖాతాదారులకు కబురు పంపే పద్ధతి



వెనుక మన ఊళ్లలో ఏదైనా సంగతి అందరికీ తెలియాలంటే చాటింపు వేయించేవారు. డప్పు వినపడగానే జనం చేతిలో పని వదలి గుమ్మంలోకి వచ్చేవారు. ఎందుచేత? డప్పు ఊరకే మోగదని వారికి తెలుసు. చెరువు తూము ఎత్తుతారనో, శిస్తు గడువు వచ్చిందనో, పశువులకు టీకాలు వేస్తారనో, పనికివచ్చే మాట ఉంటేనే అది మోగేది. అదే డప్పు పొద్దున శుభోదయం చెప్పటానికి ఒకసారి, సాయంత్రం బేరం చెప్పటానికి ఒకసారి రోజూ మోగిందనుకోండి. పది రోజులలో చెవులు దానికి అలవాటు పడిపోతాయి. పదకొండవ రోజున చెరువు కట్ట తెగిందని మోగించినా ఎవరూ బయటికి రారు.

ఈనాడు మన చేతిలో ఉన్న డప్పు వాట్సాప్. మందుల కొట్లవారు దాని మీద కబుర్లు పంపుతున్నారు. మామిడిపండ్లు, నాటుకోళ్లు, నర్సరీ మొక్కలు సొంతంగా అమ్ముకునే రైతులూ పంపుతున్నారు. దానిని ఏ పద్ధతిలో వాడుకోవాలో ఈ పూట చెప్పుకుందాం.

ముందుగా నా కళ్లతో చూచిన సంగతి ఒకటి మనవి చేస్తాను. 2021-22 పంటకాలంలో ఖమ్మం, గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటలను నల్ల తామరపురుగు పట్టింది. అది పూలలో చేరి రసం పీల్చటం వలన పూత రాలిపోయేది. నేను పనిచేసే చోట ఒక కొట్టు యజమాని ఉన్నాడు. పేరు మనకు అనవసరం, మనిషి మాత్రం మంచివాడు. నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి, ఒకే మందు మళ్లీ మళ్లీ కొట్టవద్దు, రెండు మూడు మందులు కలిపి కొట్టవద్దు అని శాస్త్రవేత్తలు చెప్పిన సలహాను ఉన్నది ఉన్నట్లు రైతులందరికీ పంపాడు. ఆ వారంలోనే నేనొక తోటకు వెళ్లాను. ఆ రైతు మూడు మందులు కలిపి కొట్టి ఉన్నాడు.

“కొట్టాయన పంపిన కబురు చూడలేదా పెద్దాయనా?” అని అడిగాను.

“ఆయన దినాం పువ్వుల బొమ్మలు పంపుతడు సారూ. మావోడు దాన్ని మోగకుండ చేసి పెట్టిండు. నేను చూసుడే బంద్ చేసిన” అన్నాడు.

మరి ఈ మూడు మందుల సంగతి ఎక్కడిదంటే, బంధువు ఎవరో పంపిన మరొక కబురు చూపించాడు. దాని మీద తేదీ లేదు, ఏ పంటకో లేదు, ఎవరు రాసిందీ లేదు. మంచి మాట ఫోనులోనే ఉండిపోయింది, ఊరూ పేరూ లేని మాట తోటలోకి వెళ్లింది. నష్టపోయింది రైతు. ఇందులో కొట్టు యజమాని పొరపాటు సలహాలో లేదు, ఏడాది పొడుగునా పంపిన పువ్వుల బొమ్మలలో ఉంది. కావున ఈ క్రింది పద్ధతులు పాటించండి.

మొదటిది, అడిగి పంపాలి. బిల్లు రాసేటప్పుడు రైతు ఫోన్ నంబరు ఇచ్చాడంటే అది బిల్లు కోసమే. ప్రకటనలు పంపుకోమని అతడు చెప్పలేదు. కనుక “పంట సలహాలు, సరుకు వచ్చిన సంగతి పంపమంటారా?” అని నోరారా అడగండి. సరేనంటే ఆ తేదీ, అతడు వేసిన పంట పుస్తకంలో రాసుకోండి. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సారాంశం కూడా ఇదే: అనుమతి అడిగి పొందాలి, ఇచ్చినంత సులువుగా దానిని వెనక్కు తీసుకునే వీలుండాలి. “వద్దు” అని ఎవరైనా రాస్తే ఆ రోజే పేరు తీసివేయండి. ఎందుకు వద్దన్నావని నిలదీయవద్దు. విసిగినవారు మీ నంబరును అడ్డగించి ఫిర్యాదు చేస్తారు. ఫిర్యాదులు ఎక్కువైతే వాట్సాప్‌వారు మీ ఖాతానే మూసివేయవచ్చు.

రెండవది, అందరినీ తెచ్చి ఒక గ్రూపులో పడవేయకండి. గ్రూపులో ఒకరి నంబరు మరొకరికి కనపడుతుంది. ఎవరు ఏ మందు అడిగారో, ఎవరు అరువు పెట్టారో ఊరందరికీ తెలుస్తుంది. దీనికి బదులు బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి. అందులో ఎవరి కబురు వారికి విడిగా వెళుతుంది. మామూలు బ్రాడ్‌కాస్ట్ లిస్టులో మీ నంబరును తన ఫోనులో దాచుకున్నవారికే కబురు అందుతుంది. కనుక సరేనన్న రైతుచేత అక్కడే, మీ ఎదుటనే, మీ నంబరు దాచుకోమనండి. వరికి ఒక లిస్టు, పత్తికి ఒకటి, మిరపకు ఒకటి చేసుకోండి. పత్తి రైతుకు వరి కబురు పంపితే అదీ పువ్వుల బొమ్మతో సమానమే.

మూడవది, మీరెవరో తెలియాలి. చిన్న వ్యాపారుల కొరకు వాట్సాప్ బిజినెస్ అనే విడి యాప్ 2018లో వచ్చింది. అందులో కొట్టు పేరు, చిరునామా, తెరిచి ఉండే వేళలు పెట్టుకోవచ్చు. కొట్టు మూసిన తరువాత ఎవరైనా రాస్తే “రేపు ఉదయం జవాబిస్తాము” అని దానంతట అదే చెప్పే ఏర్పాటు కూడా కలదు. చెప్పిన వేళకు మాత్రం జవాబు ఇచ్చి తీరాలి. పెద్ద కంపెనీలు వాడే వాట్సాప్ పద్ధతిలో ఒక నియమం ఉంది. ఖాతాదారు తానుగా రాసిన 24 గంటలలోపే కంపెనీ స్వేచ్ఛగా బదులు రాయగలదు. ఆ పైన ముందుగా ఆమోదం పొందిన నమూనా కబుర్లనే పంపాలి. చిన్న కొట్టుకు ఈ కట్టడి లేదు. అయినా ఒక రోజులో జవాబు చెప్పాలన్న అలవాటు మనకూ మంచిదే. పురుగు మన తీరిక కోసం ఆగదు గదా!

నాలుగవది, కబురు సూటిగా ఉండాలి. ఒక కబురులో ఒకే విషయం. పంట పేరు, తేదీ, సంవత్సరం, మోతాదు, పంపినవారి పేరు తప్పక ఉండాలి. మోతాదు లీటరు నీటికా, ఎకరానికా అన్నది విప్పి రాయాలి. ఈ నమూనా చూడండి:

“వరి రైతులకు. 5 ఆగస్టు 2025. నాటిన రెండు నుంచి నాలుగు వారాలలో ముదురు ఆకుల మీద తుప్పురంగు మచ్చలు కనపడితే జింకు లోపం కావచ్చు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు పిచికారి చేయండి. పురుగుమందులతో కలపరాదు. సందేహముంటే ఆకు ఫొటో పంపండి. ఈ కబుర్లు అక్కరలేకపోతే ‘వద్దు’ అని రాయండి.” చివర కొట్టు పేరు.

ఇంతే చాలు. చదువు రానివారి కొరకు ఇదే మాటను అర నిమిషంలో గొంతుతో చెప్పి పంపండి. ఆ ఫోను లేనివారి కొరకు కొట్టు ముందు పలక మీద రాయండి.

ఐదవది, సలహా వేరు, బేరం వేరు. సరుకు మిగిలిపోయిందని పురుగు వచ్చినట్లు కబురు పంపటం మహా పాపం. రైతు ఫొటో పంపినప్పుడు ఆకు పైభాగం, అడుగుభాగం, మొక్క మొత్తం చూపమనండి. అప్పటికీ తేలకపోతే మందు పేరు చెప్పవద్దు. వ్యవసాయ విస్తరణాధికారికి చూపండి, లేదా కిసాన్ కాల్ సెంటరు 1800 180 1551కు ఫోను చేయమనండి. ఆ ఫోనుకు ఖర్చు లేదు.

ఆరవది, డబ్బు సంగతి. “మేము ఓటీపీ అడగము, యూపీఐ పిన్ అడగము, ఏపీకే ఫైళ్లు పంపము” అని మీ ఖాతాదారులకు ముందే చెప్పి ఉంచండి. డబ్బు తీసుకోవటానికి పిన్ నొక్కనక్కరలేదు, పంపటానికే నొక్కాలి. మీ కొట్టు పేరుతో ఎవరైనా మోసం చేస్తే వెంటనే 1930కి ఫోను చేయాలి.

పండ్లు, కూరగాయలు సొంతంగా అమ్ముకునే రైతులకూ ఇవే పద్ధతులు. నేడు కోసిన కాయల ఫొటోనే పెట్టండి, నిరుటిది వద్దు. కోసిన తేదీ, పెట్టె బరువు, రవాణాతో కలిపి ధర చెప్పండి. కాయలు అయిపోతే అయిపోయినవని ఒక మాట రాయండి. ఈ ఏడు నిజం చెప్పిన రైతును వచ్చే ఏడు పట్నంవారే వెదుక్కుంటూ వస్తారు.

ఇక ఎన్ని కబుర్లు పంపాలి? వారానికి ఒకటి, మహా అయితే రెండు. పగటిపూటే పంపాలి. చెప్పవలసినది లేని వారంలో పంపకపోవటమే మేలు. మిరపకు మళ్లీ తెగులు వచ్చిన రోజున మీ నంబరు మీద ఫోను మోగగానే రైతు పార పక్కన పెట్టి చూడాలి. ఆ ఒక్క రోజు కోసమే మిగతా రోజులలో డప్పును ఊరుకోనివ్వండి.