బోలు ఎముకల వ్యాధికి ఇంజెక్షన్ చికిత్స: దుష్ప్రభావాల స్వరూపం, ఎదుర్కొనే మార్గాలు

వ్యాససంగ్రహం:

బోలు ఎముకల వ్యాధికి ఇచ్చే ఇంజెక్షన్లలో జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్, టెరిపరటైడ్ ప్రధానమైనవి. వీటివల్ల కలిగే ఇబ్బందులన్నింటినీ "మందు పడలేదు" అనే ఒకే మాటతో చెప్పుకోవడం తెలుగువారి వాడుక. ఆ మాట వెనుక మూడు వేర్వేరు స్థితులున్నాయి: వచ్చి పోయేవి, ముందుజాగ్రత్తతో నివారించదగినవి, వెంటనే వైద్యుని దృష్టికి తేవలసినవి. వీటిని వేరుచేసి గుర్తించే తీరును, చికిత్సను చెప్పకుండా మానివేయడంలోని ప్రమాదాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బోలు ఎముకల వ్యాధి, జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్, టెరిపరటైడ్, కాల్షియం, దుష్ప్రభావాలు.

1. ఉపోద్ఘాతం

ఎముక నిర్జీవమైన కట్టడం కాదు. పాత ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టులు, కొత్త ఎముకను నిర్మించే ఆస్టియోబ్లాస్టులు అనే కణాలు జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. ముట్లుడిగిన తరువాత స్త్రీలలో ఈస్ట్రోజెన్ తగ్గడంతో కరిగే వేగం నిర్మాణ వేగాన్ని మించిపోతుంది. ఎముక లోలోపల గుల్లబారుతుంది. స్నానాలగదిలో కాలు జారితే తుంటి విరగడం, నీళ్ళ బిందె ఎత్తితే వెన్నుపూస నలగడం వంటివి అప్పుడు సంభవిస్తాయి. దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడినవారికి, వయసు మళ్ళిన పురుషులకు కూడా ఈ ముప్పు ఉంది.

ఎముక విరిగేదాకా ఈ వ్యాధికి సాధారణంగా నొప్పి ఉండదు. మందు మాత్రం జ్వరంతోనో, ఒళ్ళునొప్పులతోనో, తలతిరుగుడుతోనో తన ఉనికిని తెలియజేస్తుంది. అందువల్ల రోగి దృష్టిలో కనబడని వ్యాధికన్నా కనబడే మందే పెద్ద శత్రువుగా తోచడం సహజం. "ఆ ఇంజెక్షన్ నాకు పడలేదు" అనే నిర్ణయం చాలా సందర్భాల్లో ఇక్కడే పుడుతుంది. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నది ఏ మందు, ఏ ఇబ్బంది, ఎన్నాళ్ళు అనే మూడు ప్రశ్నలకు వచ్చే సమాధానాన్ని బట్టి ఉంటుంది.

2. మూడు మందులు, మూడు పనితీరులు

జోలెడ్రోనిక్ ఆమ్లం బిస్‌ఫాస్ఫొనేట్ వర్గానికి చెందినది. ఏడాదికి ఒకసారి 5 మి.గ్రా. మోతాదును సెలైన్ మాదిరిగా నరంలోకి, 15 నిమిషాలకు తక్కువ కాకుండా ఎక్కిస్తారు. ఇది ఎముకలోని ఖనిజానికి అంటుకొని ఏళ్ళ తరబడి అక్కడే నిలుస్తుంది. ఎముకను కరిగించే కణాలను బలహీనపరుస్తుంది.

డెనోసుమాబ్ ఒక ప్రతిరక్షకం. ఆస్టియోక్లాస్టులు తయారుకావడానికి అవసరమైన ర్యాంక్ లైగాండ్ అనే ప్రోటీనును అది అడ్డుకుంటుంది. 60 మి.గ్రా. మోతాదును ఆరు నెలలకొకసారి చర్మం కింద ఇస్తారు. ఇది ఎముకలో నిలువ ఉండదు. గడువు ముగియగానే దాని ప్రభావం తొలగిపోతుంది.

టెరిపరటైడ్ పారాథైరాయిడ్ హార్మోనులోని తొలి 34 అమైనో ఆమ్లాల భాగం. రోజుకు 20 మైక్రోగ్రాముల చొప్పున పెన్ను వంటి సాధనంతో రోగి తానే చర్మం కింద వేసుకోవచ్చు. పై రెండూ ఎముక కరగడాన్ని ఆపితే, ఇది కొత్త ఎముక నిర్మాణాన్ని ప్రేరేపిస్తుంది.

వీటి ప్రయోజనం పెద్ద పరీక్షల్లో రుజువైనది. 2007లో వెలువడిన హొరైజన్ అధ్యయనంలో మూడేళ్ళలో వెన్నుపూస విరిగినవారు ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 10.9 శాతం, జోలెడ్రోనిక్ ఆమ్లం తీసుకున్నవారిలో 3.3 శాతం. 2009లో వెలువడిన ఫ్రీడమ్ అధ్యయనంలో ఆ శాతాలు 7.2, డెనోసుమాబ్ తీసుకున్నవారిలో 2.3. దుష్ప్రభావాల బరువును ఈ లాభంతో పోల్చి చూడవలసి ఉంటుంది.

3. వచ్చి పోయే ఇబ్బందులు

3.1 జోలెడ్రోనిక్ ఆమ్లం తరువాతి జ్వరం

మందు ఎక్కించిన మర్నాడు జ్వరం, చలి, ఒళ్ళునొప్పులు, కీళ్ళనొప్పులు, తలనొప్పి రావడం సాధారణం. ఈ మందు కణాల్లోని ఒక ఎంజైమును ఆపినప్పుడు ఐసోపెంటెనైల్ పైరోఫాస్ఫేట్ అనే పదార్థం పేరుకుంటుంది. రక్తంలోని గామా-డెల్టా టి కణాలు దానిని సూక్ష్మజీవి దాడిగా పొరబడి, జ్వరాన్ని పుట్టించే రసాయనాలను విడుదల చేస్తాయి. అంటే ఇది సాధారణంగా ఎలర్జీ కాదు, మందు వికటించడమూ కాదు.

హొరైజన్ అధ్యయనంలో ఇలాంటి లక్షణాలు మొదటిసారి సుమారు 32 శాతం మందికి వచ్చాయి. రెండవ ఏడాది 7 శాతం లోపు, మూడవ ఏడాది 3 శాతం లోపు మాత్రమే కనిపించాయి. మొదటి ఏడు బాధపడిన వ్యక్తికి మలి ఏడు అంత బాధ ఉండకపోవచ్చునన్న సంగతి ముందుగా చెబితే చాలామంది చికిత్సను కొనసాగిస్తారు. లక్షణాలు ఎక్కువగా మూడు రోజుల్లో సద్దుమణుగుతాయి. వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసెటమాల్, విశ్రాంతి, తగినంత నీరు సాధారణంగా సరిపోతాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి: ఈ మందు మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. కనుక ముందుగా క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 35 మి.లీ. కన్నా తక్కువైతే ఈ మందు ఇవ్వరాదు. మందుకు ముందు కనీసం రెండు గ్లాసుల నీరు తాగాలి; ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో ఎక్కించుకోరాదు. ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్ వంటి మాత్రలు, సూదులు సొంతంగా వాడితే మూత్రపిండాలపై భారం పెరుగుతుంది. రెండు: నగరంలో ఇంజెక్షన్ చేయించుకొని ఊరికి తిరిగివెళ్ళిన మనిషికి జ్వరం వస్తే, స్థానికంగా చూసే వైద్యునికి ముందురోజు ఎక్కించిన మందు పేరు చెప్పాలి. చీటీ వెంట ఉంచుకోవడం మేలు. జ్వరం మూడు రోజులు దాటినా, ఆలస్యంగా మొదలైనా మలేరియా, డెంగీ వంటి ఇతర కారణాలను వెతకాలి. కన్ను ఎర్రబడి నొప్పిపెడితే, చూపు మసకబారితే వెంటనే కంటివైద్యునికి చూపించాలి.

3.2 టెరిపరటైడ్ తరువాతి తలతిరుగుడు

మొదటి కొన్ని మోతాదుల్లో, సూది వేసుకున్న నాలుగు గంటల లోపల, లేచి నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరగవచ్చు. వికారం, పిక్కలు పట్టడం కూడా ఉండవచ్చు. తొలి రోజుల్లో సూదిని మంచం దగ్గర కూర్చొనే వేసుకోవడం, తల తిరిగితే పడుకోవడం, మెల్లగా లేవడం ఉపాయాలు. రాత్రి పడుకునే ముందు వేసుకుంటే కొందరికి సుఖంగా ఉంటుంది. రాత్రి మూత్రానికి లేచేవారు మాత్రం ఒక్కసారిగా నిలబడకూడదు. విరుగుడును నివారించే మందు వేసుకొని జారిపడితే ప్రయోజనమే దెబ్బతింటుంది. రక్తపోటు మాత్రలు వాడేవారు ఈ సంగతి వైద్యునికి తెలపాలి.

సూదిని పొట్టపై, తొడపై చోటు మార్చుతూ వేసుకుంటే ఎరుపు, నొప్పి తగ్గుతాయి. పెన్నును 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టనీయరాదు, తెరిచిన 28 రోజులకు మందు మిగిలినా పారవేయాలి. ఎలుకల్లో ఎముక క్యాన్సర్ కనిపించినందువల్ల ఈ మందుపై ఉంచిన తీవ్ర హెచ్చరికను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో తొలగించింది. అయినా ఎముక క్యాన్సర్ ఉన్నవారికి, ఎముకలకు రేడియేషన్ పొందినవారికి దీనిని ఇవ్వరు.

4. నివారించదగినది: కాల్షియం పడిపోవడం

ఎముక కరగడం ఆగితే, ఎముక నుండి రక్తంలోకి చేరే కాల్షియం కూడా తగ్గుతుంది. విటమిన్ డి లోపం ఉన్నవారిలో ఆ లోటును పేగులు పూడ్చలేవు. అందువల్ల జోలెడ్రోనిక్ ఆమ్లానికి, డెనోసుమాబ్‌కు ముందు కాల్షియం, విటమిన్ డి స్థాయిలను పరీక్షించి సరిచేయడం చికిత్సలో భాగమే. ఎండ పుష్కలంగా ఉన్న దేశంలో విటమిన్ డి లోపం ఉండదనుకోవడం పొరపాటు. భారతీయుల్లో ఈ లోపం విస్తృతంగా ఉంది.

పెదవుల చుట్టూ, వేళ్ళ చివర్లలో చీమలు పాకినట్లుండటం, చేతులు కొంకర్లు పోవడం, కండరాలు పట్టేయడం దీని గుర్తులు. డెనోసుమాబ్ తరువాత కాల్షియం సుమారు పదో రోజు ప్రాంతంలో అత్యల్పానికి చేరుతుంది. కనుక "ఇంజెక్షన్ అయి వారం దాటింది, దీనికి సంబంధం లేదు" అనుకోరాదు. మూత్రపిండాల వ్యాధి ముదిరినవారిలో, ముఖ్యంగా డయాలసిస్‌పై ఉన్నవారిలో ఇది ప్రాణాంతకం కావచ్చునని 2024 జనవరిలో అమెరికా నియంత్రణ సంస్థ అత్యంత తీవ్రమైన హెచ్చరికను చేర్చింది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం ముట్లుడిగిన స్త్రీలకు రోజుకు 1200 మి.గ్రా. కాల్షియం అవసరం. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, మునగాకు, ముళ్ళతో తినే చిన్న చేపలు ఇందుకు ఉపకరిస్తాయి. ఆహారంలో చాలని భాగాన్ని మాత్రలతో పూరించాలి. టెరిపరటైడ్ వాడేవారి సంగతి వేరు: వారిలో కాల్షియం పెరగవచ్చు. వారు మాత్రల మోతాదును వైద్యుని సలహాతోనే నిర్ణయించుకోవాలి.

5. అరుదైనవి, ఉపేక్షించరానివి

దవడ ఎముక మానకుండా బయటపడి ఉండిపోవడం 2003 నుండి వైద్యలోకం దృష్టిలో ఉంది. క్యాన్సర్ రోగులకు ఇచ్చే పెద్ద మోతాదుల్లో ఇది ఎక్కువ. బోలు ఎముకల వ్యాధికి వాడే మోతాదుల్లో ఏడాదికి లక్షమందిలో ఒకరి నుండి 10,000 మందిలో ఒకరి వరకు మాత్రమే దీని అంచనా. పుచ్చిపళ్ళు, తీయించుకోవలసిన పళ్ళు ఉంటే చికిత్సకు ముందే ఆ పని ముగించుకోవడం, నోటి శుభ్రత పాటించడం, పొగాకు మానడం, దంతవైద్యునికి ఇంజెక్షన్ సంగతి తెలపడం నివారణ మార్గాలు.

దీర్ఘకాలం ఎముక కరగడాన్ని అణచిన కొద్దిమందిలో తొడ ఎముక బలమైన దెబ్బ లేకుండానే విరగవచ్చు. దీనికి తరచుగా ముందస్తు సూచన ఉంటుంది: తొడలోనో గజ్జలోనో వారాల తరబడి ఉండే మొద్దునొప్పి. దానిని మోకాళ్ళ అరుగుదలగానో వయసు నొప్పిగానో తోసిపుచ్చక రెండు తొడలకూ ఎక్స్‌రే తీయించాలి. డెనోసుమాబ్ వాడేవారిలో చర్మం ఎర్రబడి, వేడెక్కి, వాచి, జ్వరం వస్తే అది చర్మ ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఏ ఇంజెక్షన్ తరువాతనైనా ముఖం, నాలుక వాయడం, ఊపిరాడకపోవడం అత్యవసర స్థితి.

6. మానివేయడమే దుష్ప్రభావమయ్యే వేళ

జోలెడ్రోనిక్ ఆమ్లం ఎముకలో నిలిచి ఉంటుంది కనుక ఒక మోతాదు కొన్ని వారాలు ఆలస్యమైతే పెద్ద నష్టం లేదు. కొన్నేళ్ళ తరువాత వైద్యులే విరామం ఇస్తారు. డెనోసుమాబ్ విషయంలో ఈ తర్కం చెల్లదు. గడువు దాటితే అంతవరకు అణిగి ఉన్న ఆస్టియోక్లాస్టులు ఒక్కుమ్మడిగా విజృంభిస్తాయి. సమకూరిన ఎముక సాంద్రత ఒకటి రెండేళ్ళలో కరిగిపోతుంది. ఫ్రీడమ్ అధ్యయనంలో మందు మానినవారిని పరిశీలించినప్పుడు, వెన్నుపూసలు విరిగినవారిలో సుమారు 60 శాతం మందికి ఒకటికన్నా ఎక్కువ పూసలు విరిగాయి. కోవిడ్ కాలంలో, 2020లో, అంతర్జాతీయ ఎముకల వైద్య సంఘాలు డెనోసుమాబ్‌ను గత మోతాదు నుండి ఏడు నెలలకు మించి ఆలస్యం చేయరాదనీ, సాధ్యం కాకపోతే తాత్కాలికంగా బిస్‌ఫాస్ఫొనేట్ మాత్రలు మొదలుపెట్టాలనీ సూచించింది ఇందుకే.

తెలుగు కుటుంబాల్లో ఈ గడువు తప్పే సందర్భాలు ఊహించదగినవే. పిల్లల దగ్గరికి ఆరు నెలలు అమెరికా వెళ్ళే తల్లిదండ్రులకు ప్రయాణకాలం, ఇంజెక్షన్ గడువు సరిగ్గా ఢీకొంటాయి. టికెట్టు తీసుకొనేటప్పుడే తేదీ చూసుకోవడం, వైద్యునితో ముందే మాట్లాడటం అవసరం. ఖర్చు భరించలేకపోయినా, ఇబ్బంది కలిగినా డెనోసుమాబ్‌ను మానవచ్చు. కాని దాని స్థానంలో మరో మందు మొదలుపెట్టే మానాలి. టెరిపరటైడ్ కాలవ్యవధి ముగిశాక కూడా ఎముక కరగడాన్ని ఆపే మందు తీసుకోకపోతే సాధించిన లాభం క్రమంగా కరిగిపోతుంది.

7. ముగింపు

"పడలేదు" అన్న మాటను వైద్యుడు కొట్టిపారేయకూడదు. రోగి ఆ మాటతోనే నిర్ణయాన్ని ముగించకూడదు. ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్ళుంది, శరీరంలో ఎక్కడ ఉంది, దానికి ఏ మందు వాడారు అన్న నాలుగు వివరాలు రాసిపెట్టుకొని చెబితే ఆ మాట వైద్యునికి ఉపయోగపడే సమాచారమవుతుంది. మూడు రోజుల జ్వరాన్ని ఓర్చుకోవచ్చు. కాల్షియం పడిపోవడాన్ని చాలావరకు ముందే ఆపవచ్చు. తొడనొప్పిని, దవడ పుండును దాచరాదు. ఒక ఇంజెక్షన్ నిజంగా సరిపడకపోతే దానికి బదులు మరొకటి ఉంది. చికిత్స లేకుండా మిగిలిపోయిన వెన్నెముకకు మాత్రం ఆ రక్షణ ఉండదు.