కోడలికి ఆ పరీక్ష దేనికి?

నూలు ధరలు, రిబేటు బాకీలు వ్రాయు ఈ పుటలలో హెచ్.ఐ.వి. మాట ఏమిటని పెద్దలు కొందరు కోపగింపవచ్చును. మొన్న సంఘ కార్యాలయమునకు వచ్చిన ఒక మామగారు, “కోడలికి ఆ పరీక్ష దేనికి? మా ఇంట ఎవరేమి తప్పు చేసిరి?” అని మమ్ములను నిలదీసిరి. అందుచేతనే వ్రాయుచున్నాము.

ఆ పరీక్ష ఎవరి నడతను తూచుటకు కాదు, గర్భిణులందరికిని చేయునదే. తల్లికి ఈ వైరస్ ఉన్నచో కడుపులోనో, కాన్పు వేళనో, చనుబాల వలననో బిడ్డకు సోకవచ్చును. మందు లేనిచో నూటికి 15 నుండి 45 మంది బిడ్డలకు సోకును. సక్రమముగా వాడినచో అది 5కు లోపునకు దిగును. అమెరికా, ఫ్రాన్సులలో జరిగి 1994లో వెల్లడియైన పరిశోధనలో జిడోవుడిన్ అను ఒక్క మందుతోనే 25 నుండి 8కి తగ్గినది.

నేడు ప్రభుత్వాసుపత్రులలో మూడు మందులు కలిసిన మాత్ర తల్లికి ఉచితముగా ఇత్తురు. కాన్పు కాగానే మానరాదు, జీవితాంతము వాడవలెను. బిడ్డకు పుట్టగానే సిరప్ మొదలిడి కనీసము 6 వారములు పోయుదురు, 6వ వారమున నెత్తురు పరీక్ష చేయుదురు. తల్లి పాలిచ్చుచున్నచో 6 నెలలు అవి మాత్రమే పట్టవలెను. అమ్మమ్మలు నాకించు తేనె, ఆముదము వలదు. పోతపాలు కలిపి పట్టుట మరింత ప్రమాదము.

రహస్యమందురా, 2018లో అమలులోనికి వచ్చిన చట్టము ప్రకారము అనుమతి లేక ఒకరి సంగతి బయటపెట్టరాదు. 1097కు ఫోను చేసి ఉచితముగా అడుగవచ్చును.

మామగారు మరునాడే కోడలిని వెంటబెట్టుకొని పోయిరి. కొడుకును కూడ మగ్గము దిగి రమ్మనుమని మేమే చెప్పితిమి. పరీక్ష అతనికిని కావలెను గదా.